చెవులు లేని దండోరా

బ్లూటూత్ బీకన్ అనేది అగ్గిపెట్టె పరిమాణాన్ని పెద్దగా మించకుండా, లోపల నాణెమంత బ్యాటరీ, ఒక చిన్న రేడియో చిప్పు, సర్క్యూట్ పలక అంచున గీసిన యాంటెన్నా మాత్రమే కలిగి, తన పేరును సెకనుకు ఒకటో రెండో మార్లు, ఒక్కోసారి పది మార్లు గాలిలోకి చాటుతూ ఉండే పరికరం. అది ఎవరినీ పలకరించదు, ఎవరు విన్నారో లెక్కపెట్టుకోదు. ఊళ్లో డప్పు కొట్టి దండోరా వేసే మనిషికి కనీసం అరుగుల మీద కూర్చున్నవారు తలెత్తి చూశారో లేదో తెలుస్తుంది గాని, బీకన్‌కు ఆ పాటి సమాచారం కూడా తిరిగి రాదు. బీకన్ మన ఫోను ఎక్కడుందో కనిపెడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి కనిపెట్టే పని అంతా ఫోనుదే, బీకన్‌కు ఫోను ఉన్నదన్న సంగతే తెలియదు. ఈ ఒక్క లక్షణం వల్లనే బీకన్ ఏళ్ల తరబడి చిన్న బ్యాటరీతో బతకగలుగుతున్నది, ఈ లక్షణం వల్లనే అది చచ్చిపోయినప్పుడు ఎవరికీ చెప్పకుండా చచ్చిపోతున్నది. కనుక బీకన్ సరిగా పనిచేస్తున్నదా లేదా అన్న పరీక్ష ఎప్పుడూ వినేవాడి వైపు నుంచే జరగాలి.

ఈ పరీక్ష ఎంత కఠినమో తెలుసుకోవడానికి విమానాశ్రయాల చల్లని హాళ్లకన్నా, సౌదీ అరేబియా ఈశాన్యపు కొసన, కువైట్ సరిహద్దుకు ఆనుకొని గల్ఫ్ తీరాన ఉన్న ఖఫ్జీ వంటి పట్టణం మంచి ఉదాహరణ. 1960లో అక్కడి సముద్రగర్భంలో చమురు బయటపడిన తరువాత పెరిగిన ఈ పట్టణం, రెండు దేశాలూ ఉత్పత్తిని సమంగా పంచుకునే పూర్వపు తటస్థ మండలానికి కేంద్రం; 1991 జనవరి చివర గల్ఫ్ యుద్ధంలో భూతల పోరు జరిగిన చోటు కూడా ఇదే. 2014 అక్టోబరులో ఆగిపోయిన అక్కడి ఉత్పత్తి 2020లో తిరిగి మొదలైంది. చమురు, గ్యాసు, ఉప్పునీటిని మంచినీరుగా మార్చే కర్మాగారం, సముద్రపు గాలి, ఎటు చూసినా ఉక్కు, వాటి మధ్య పలు భాషల కార్మికులు: రేడియో తరంగాన్ని ఇరుకున పెట్టే సమస్తమూ ఇక్కడ ఒక్కచోట చేరింది.

బ్లూటూత్ పుట్టుక 1994లో స్వీడన్‌లోని ఎరిక్సన్ సంస్థలో జరిగినా, బీకన్‌కు అసలు తల్లి నోకియా 2006లో వైబ్రీ పేరుతో ప్రకటించిన పొదుపు రేడియో; అదే 2010లో బ్లూటూత్ 4.0లో చేరి, తక్కువ శక్తితో నడిచే బ్లూటూత్‌గా స్థిరపడింది. 2013లో ఆపిల్ సంస్థ ఐబీకన్ పద్ధతినీ, 2015లో గూగుల్ సంస్థ ఎడ్డీస్టోన్ పద్ధతినీ ప్రవేశపెట్టాయి. రెండవ దానికి ఇంగ్లండ్ దక్షిణ తీరంలో సముద్రపు బండల మీద నిలిచిన దీపస్తంభం పేరు పెట్టారు. దుకాణం ముందు నడిచే ప్రతివారి ఫోనుకూ ప్రకటనలు పంపాలన్న ఉబలాటం కొన్నాళ్లు సాగి, అక్కరలేని సందేశాల బెడదతో గూగుల్ 2018 డిసెంబరులో ఆ సదుపాయాన్నే ఎత్తివేయడంతో చల్లారింది. అది మంచికే జరిగిందనాలి. ఎందుకంటే ఆ తరువాతే బీకన్ ప్రకటనల బోర్డు వేషం వదిలి, దారి చూపడం, సామాను వెతకడం, మనుషుల లెక్క తేల్చడం వంటి తనకు తగిన పనుల్లో కుదురుకుంది. లండన్ సమీపంలోని గాట్విక్ విమానాశ్రయం 2017లో దాదాపు 2,000 బీకన్లను అమర్చి, ఉపగ్రహ సంకేతం అందని భవనాల లోపల ప్రయాణికులకు దారి చూపే ఏర్పాటు చేసింది.

బీకన్ చాటే మాట చాలా చిన్నది. బ్లూటూత్‌కు కేటాయించిన 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని పొదుపు బ్లూటూత్ 40 సన్నని దారులుగా విభజించుకోగా, వాటిలో 2402, 2426, 2480 మెగాహెర్ట్జ్ వద్ద ఉన్న మూడు దారులు మాత్రమే మొదటి నుంచీ చాటింపులకు ప్రత్యేకించినవి. వైఫై ఎక్కువగా వాడుకునే 1, 6, 11 నంబర్ల దారుల అంచుల్లోనూ, ఖాళీల్లోనూ పడేటట్లు వాటిని ఎంచుకున్నారు. ఐబీకన్ తన మాటను ఈ మూడింటి మీదా వరుసగా చెబుతుంది, ఒక్కోసారి చెప్పడానికి సుమారు 370 మైక్రోసెకన్లు, అంటే సెకనులో రెండు వేల అయిదు వందల వంతు కన్నా తక్కువ కాలం పడుతుంది. ఆ మాటలో 16 బైట్ల గుర్తింపు సంఖ్య ఒకటి ఉంటుంది, దానిని యూయూఐడీ అంటారు, అది ఇంటిపేరు వంటిది. దాని వెంట రెండేసి బైట్ల మేజర్, మైనర్ సంఖ్యలు వస్తాయి, ఒకటి భవనాన్నీ మరొకటి ఆ భవనంలో గదినీ సూచించేందుకు వాడుకోవచ్చు. చివరి బైటు, ఒక మీటరు దూరంలో ఈ బీకన్ ఎంత బలంగా వినిపించాలో చెప్పే సంఖ్య. దారి పటం గాని, ప్రకటన గాని, మనిషి పేరు గాని ఇందులో ఏదీ ఉండదు. ఆ సంఖ్యకు అర్థం చెప్పే పట్టిక వేరొక చోట, ఫోనులోనో సర్వర్‌లోనో ఉంటుంది. పట్టిక తప్పయితే, రేడియో ఎంత సక్రమంగా ఉన్నా బీకన్ అబద్ధమే చెబుతుంది.

ఒక్కో చాటింపుకూ తరువాతి దానికీ నడుమ నియమిత విరామం ఉంటుంది, ఐబీకన్‌కు ఆపిల్ నిర్దేశించినది 100 మిల్లీసెకన్లు. ఆ విరామానికి ప్రతిసారీ సున్నా నుంచి 10 మిల్లీసెకన్ల వరకు ఏదో ఒక చిల్లర జాప్యాన్ని చిప్పు తనంతట తానే కలుపుతుంది. ఈ చిల్లర ఎందుకంటే, ఒకే లయలో డప్పు కొట్టే ఇద్దరు ఒకసారి ఒకే క్షణంలో దెబ్బ వేశారంటే ఇక ఎన్నటికీ అలాగే వేస్తూ పోతారు, ఒకరి మాట మరొకరి మాటలో కలిసిపోతుంది. లయ కొంచెం తప్పితేనే ఇద్దరూ వినబడతారు. వందల బీకన్లు ఒకే ఆవరణలో గలభా లేకుండా పనిచేయడానికి ఈ లయ తప్పడమే ఆధారం.

అసలు చిక్కు దూరం లెక్కలో ఉంది. ఫోను తనకు అందిన తరంగ బలాన్ని డీబీఎం అనే కొలమానంలో చెబుతుంది. ఒక మిల్లీవాట్ బలాన్ని సున్నాగా తీసుకొని, బలం పదో వంతుకు పడిపోయిన ప్రతిసారీ 10 తగ్గించే సంవర్గమాన కొలత ఇది, అందువల్ల −90 డీబీఎం అంటే వాట్‌లో లక్ష కోట్ల వంతు మాత్రమే. అంత అత్యల్ప బలాన్ని కూడా ఫోను వినగలదు. ఒక మీటరు దూరంలో −59 ఉండవలసిన బీకన్ −79గా వినిపించిందనుకుంటే, అడ్డంకులు లేని బయలులో బలం దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది కనుక బీకన్ 10 మీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్క తేలుతుంది. అదే సామాను నిండిన గోదాములో బలం దూరపు ఘనానికి విలోమంగా తగ్గుతుందని భావిస్తే, అదే −79కి 4.6 మీటర్లు మాత్రమే వస్తుంది. కొలత ఒకటే, జవాబులు రెండు; ఏది నమ్మాలో తరంగం చెప్పదు, ఆ చోటును ముందుగా నడిచి కొలిచిన మనిషి చెప్పాలి.

దీనికి మనిషి శరీరం తోడవుతుంది. ఎక్కువ భాగం నీరే అయిన శరీరం ఈ పౌనఃపున్యాన్ని బాగా పీల్చుకుంటుంది. బీకన్‌కూ ఫోనుకూ మధ్య మనిషి నడుము అడ్డుపడి బలం 10 డీబీ తగ్గిందంటే, అంటే పదో వంతుకు పడిపోయిందంటే, మీటరు దూరంలోని బీకన్ మూడు మీటర్లకు పైగా దూరం జరిగినట్టు లెక్కలో కనిపిస్తుంది. ఉక్కు మరొక రకంగా మోసం చేస్తుంది: అది తరంగాన్ని పీల్చుకోక అద్దంలా తిప్పికొడుతుంది, నేరుగా వచ్చిన తరంగమూ గోడను తాకి వచ్చిన తరంగమూ కలిసినచోట బలం రెట్టించవచ్చు, ఎదురుపడినచోట దాదాపు అంతరించవచ్చు. ఈ తరంగ దైర్ఘ్యం సుమారు 12.5 సెంటీమీటర్లే కనుక, ఫోనును జానెడు పక్కకు జరిపితేనే కొలత తారుమారు కావచ్చు.

ఈ చిక్కును సౌదీ అరేబియా దేశమంతటా ఒకేసారి చవిచూసిన సందర్భం 2020లో వచ్చింది. కరోనా వ్యాపించిన ఆ ఏడాది జూన్‌లో సౌదీ డేటా, కృత్రిమ మేధ సంస్థ తబాఉద్ అనే యాప్‌ను విడుదల చేసింది. అరబ్బీలో ఆ మాటకు ఒకరికొకరు ఎడంగా ఉండటమని అర్థం. ఆపిల్, గూగుల్ సంస్థలు కలిసి రూపొందించిన పద్ధతి మీద నడిచే ఆ యాప్‌తో ప్రతి ఫోనూ బీకన్‌గానూ, బీకన్లను వినే చెవిగానూ ఏకకాలంలో మారింది. ఖఫ్జీ కార్మికుల క్యాంపుల్లో గాని, రియాద్ వీధుల్లో గాని ఆ యాప్ వేసుకున్న ఫోను 16 బైట్ల తాత్కాలిక గుర్తును చాటుతూ, పది నుంచి ఇరవై నిమిషాలకొకసారి ఆ గుర్తును మార్చేస్తుండేది. మారని గుర్తుతో తిరిగితే ఎవరైనా మనిషి అడుగుజాడలను వెంటాడగలరన్న భయమే దీనికి కారణం. అదే ఏడాది ఏప్రిల్‌లో భారత్ విడుదల చేసిన ఆరోగ్యసేతు బ్లూటూత్‌తో పాటు జీపీఎస్‌ను కూడా వాడుకుంది; ఉత్తర తెలంగాణ, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారిలో ఆ సంవత్సరం తిరిగి వచ్చినవారు ఈ రెండు పద్ధతులనూ చూసి ఉండవచ్చు.

తరంగ బలంతో దూరాన్ని తేల్చడం ఎంత దుర్బలమో ఆ సంవత్సరమే డబ్లిన్ ట్రినిటీ కళాశాల పరిశోధకులు చూపించారు. ఇదే ఆపిల్–గూగుల్ పద్ధతిని వారు ఒక ట్రాం బండిలో పరీక్షించగా, లోహపు పెట్టెలో తరంగాలు అటూ ఇటూ ప్రతిఫలించడం వల్ల, దగ్గర కూర్చున్నవారినీ దూరంగా కూర్చున్నవారినీ బలాన్ని బట్టి వేరు చేయడం చీట్లు తీసి ఎంచుకున్నదానికంటే పెద్దగా మెరుగుగా లేదని తేలింది. ట్రాం బండికే ఈ గతి పడితే, నలువైపులా గొట్టాలూ ట్యాంకులూ ఉన్న చమురు ఆవరణలో తెర మీద కనిపించే మీటర్ల సంఖ్యను అక్షరాలా నమ్మేవారు ఉండకూడదు. అక్కడ బీకన్ ‘ఈ గదిలో ఉన్నాడు’, ‘ఈ గేటు దాటాడు’ అనే మోటు సమాచారం ఇస్తే చాలు. దానికది చక్కగా సరిపోతుంది.

ఖఫ్జీ వాతావరణం గురించిన ఒక అపోహను ముందుగా తొలగించాలి. తీరపు తేమ గాలి తరంగాన్ని మింగేస్తుందనీ, మైక్రోవేవ్ పొయ్యి పనిచేసేది ఇదే పౌనఃపున్యంలో కదా అనీ వాదించేవారు ఉన్నారు. కాని పదుల మీటర్ల దూరంలో గాలిలోని నీటి ఆవిరి వల్ల ఈ పౌనఃపున్యానికి కలిగే నష్టం లెక్కలోకి రానంత తక్కువ. తేమ హాని చేసేది పెట్టె లోపల చేరినప్పుడు: రాత్రి చల్లబడి నీరుపట్టిన ఉప్పుగాలి బ్యాటరీ తాకే లోహపు రేకుల మీద తుప్పు పట్టించి, ప్రవాహానికి అడ్డు పెంచుతుంది. ఎండ మరింత సూటిగా దెబ్బతీస్తుంది. వేసవి మధ్యాహ్నం గాలి ఉష్ణోగ్రతే 45 డిగ్రీలు దాటే చోట, ఎండ పడే ఉక్కు స్తంభానికి అంటించిన నల్లటి పెట్టె లోపలి వేడి అంతకు ఎంతో ఎక్కువ ఉంటుంది. మామూలు లిథియం నాణెపు బ్యాటరీలకు తయారీదారులు ఎక్కువగా 60, 70 డిగ్రీల వరకే భరోసా ఇస్తారు. ఆ వేడికి బ్యాటరీ తన శక్తిని వాడకుండానే పోగొట్టుకుంటుంది, వెనక ఉన్న జిగురు పట్టీ జారిపోతుంది. జారి నేల మీద పడ్డ బీకన్ మామూలుగానే చాటుతూ ఉంటుంది కనుక, పాడైనదానికన్నా ఇది ప్రమాదకరం.

ఆ బ్యాటరీ పేరు సీఆర్2032. 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం అని ఆ అంకెల అర్థం. దాని సామర్థ్యం సుమారు 225 మిల్లీ ఆంపియర్ గంటలు. సెకనుకు పది మార్లు చాటే బీకన్ సగటున 100 మైక్రో ఆంపియర్లు తీసుకుంటుందనుకుంటే మూడు నెలల్లో బ్యాటరీ ఖాళీ అవుతుంది, సెకనుకు ఒకసారి మాత్రమే చాటుతూ 10 మైక్రో ఆంపియర్లతో సరిపెట్టుకుంటే రెండున్నరేళ్లు వస్తుంది. కొనేటప్పుడు అట్ట మీద ‘అయిదేళ్లు’ అని రాసి ఉంటే, ఎంత విరామంతో, ఎంత బలంతో అని అడగని కొనుగోలుదారు తరువాత విచారిస్తాడు.

ఇక పరీక్ష. బీకన్ వినిపించలేదన్నంత మాత్రాన అది చచ్చిపోయిందని తేల్చడానికి వీల్లేదు, ఎందుకంటే చెవి కూడా చెడి ఉండవచ్చు, చెవి నిద్రపోతూ ఉండవచ్చు. ఆండ్రాయిడ్ ఫోను పొదుపు పద్ధతిలో వింటున్నప్పుడు ప్రతి 5 సెకన్లలో అర సెకను మాత్రమే చెవి ఒగ్గుతుంది కనుక, సెకనుకు ఒకసారి చాటే బీకన్ కొన్ని విడతలు దాటిపోవడం సహజం. ఆండ్రాయిడ్ 6 నుంచి 11 వరకు ఫోనులో లొకేషన్ ఆపి ఉంటే యాప్‌కు ఏ బీకనూ కనిపించదు. ఐఫోన్ తీరు మరీ వింత: సాధారణ స్కానర్ యాప్‌లకు అది ఐబీకన్ చాటింపులను చూపించకుండా దాచిపెడుతుంది, వెతకవలసిన యూయూఐడీ ముందుగా చెబితేనే లొకేషన్ విభాగం ద్వారా అందిస్తుంది. నిక్షేపంలా ఉన్న బీకన్లను ఐఫోన్‌తో వెతికి, కనబడలేదని చెత్తబుట్టలో వేసే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. అందుచేత పరీక్షకు బయలుదేరేవారు కచ్చితంగా పనిచేస్తుందని తెలిసిన బీకన్ ఒకదాన్ని జేబులో వెంట తీసుకెళ్లడం మేలు; అది వినిపించి గోడ మీదిది వినిపించకపోతే తప్పు గోడ మీదిదే, రెండూ వినిపించకపోతే తప్పు ఫోనుది.

వినిపించిన బీకన్ సరైనదేనా అన్నది రెండవ ప్రశ్న. ఎన్‌ఆర్‌ఎఫ్ కనెక్ట్ వంటి ఉచిత యాప్‌ను ఆండ్రాయిడ్ ఫోనులో తెరిస్తే యూయూఐడీ, మేజర్, మైనర్ సంఖ్యలు కనిపిస్తాయి. వాటిని, ఏ బీకన్ ఎక్కడ పెట్టారో రాసుకున్న రిజిస్టర్‌తోనూ, బీకన్ అంటించి ఉన్న స్థానంతోనూ సరిచూడాలి. బ్యాటరీలు మార్చే రోజున రెండు బీకన్లు చేతిలో తారుమారై ఒకదాని చోట మరొకటి చేరడం అరుదు కాదు, అప్పుడు యాప్ మనిషిని తప్పుడు గదిలో చూపిస్తుంది. ఐబీకన్ మాటకు సంతకమంటూ ఏదీ లేదు కనుక ఎవరైనా ఆ సంఖ్యలనే మరొక పరికరంతో చాటవచ్చునన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2016లో ఎడ్డీస్టోన్‌కు మారుతూ ఉండే రహస్య గుర్తును చేర్చడానికి కారణం ఇదే.

మూడవది బలం. ఆపిల్ సూచించిన విధానం ప్రకారం బీకన్‌ను దాని చోట అమర్చిన తరువాత, ఒక మీటరు దూరంలో ఫోనును నిలువుగా పట్టుకొని, కనీసం పది సెకన్లపాటు కొలతలు సేకరించి, వాటి సగటును బీకన్‌లో రాయాలి. ఫ్యాక్టరీలో రాసిన −59ని ఉక్కు స్తంభం మీద అలాగే ఉంచితే దూరాలన్నీ తప్పుతాయి, ఎందుకంటే యాంటెన్నా వెనుక లోహం చేరగానే దాని స్వభావమే మారిపోతుంది. ప్లాస్టిక్ దిమ్మె ఒకటి మధ్యన పెట్టి స్తంభానికి కొంచెం ఎడంగా నిలపడం తేలికైన మందు. ఏడాది తరువాత అదే చోట, అదే ఫోనుతో, అదే పద్ధతిలో తీసిన సగటు 6, 7 డీబీ తగ్గిందంటే పెట్టె తిరిగిపోయిందో, అడ్డంగా కొత్త గొట్టం వచ్చిందో, బ్యాటరీ నీరసించిందో చూడాలి. ఫోను మార్చితే పోలిక చెల్లదు, రెండు రకాల ఫోన్లు ఒకే తరంగాన్ని వేర్వేరుగా కొలుస్తాయి.

బ్యాటరీ విషయంలో ఎడ్డీస్టోన్ పద్ధతి ఒక ఉపకారం చేసింది. గుర్తింపు మాటతో పాటు అది అప్పుడప్పుడు తన ఆరోగ్యాన్ని కూడా చాటగలదు: బ్యాటరీ వోల్టేజీ, లోపలి ఉష్ణోగ్రత, ఇప్పటివరకు చాటిన సార్ల లెక్క, మొదలైన నాటి నుంచి గడిచిన కాలం. చివరి అంకె విలువైనది. ఆరు నెలలుగా నడుస్తున్న బీకన్ తన వయసు రెండు గంటలే అంటున్నదంటే, లోపల తుప్పు పట్టిన రేకు వదులై అది పడి లేస్తున్నదని అర్థం. వోల్టేజీని మాత్రం జాగ్రత్తగా చదవాలి. ఈ రకం బ్యాటరీ తన జీవితంలో ఎక్కువ భాగం 3 వోల్ట్‌ల దగ్గరే నిలిచి, చివరి రోజుల్లో ఒక్కసారిగా జారిపోతుంది; పైగా రేడియో నిద్రలో ఉన్నప్పుడు తీసిన కొలత బాగున్నా, చాటే క్షణంలో ప్రవాహం వేల రెట్లు పెరిగినప్పుడు అది కుప్పకూలవచ్చు. కాబట్టి వోల్టేజీ పడిపోయేదాకా వేచి ఉండటంకన్నా, ఎండలో ఉన్నవాటికి ముందే గడువు పెట్టుకొని వేసవికి ముందు బ్యాటరీలు మార్చడం తెలివైన పని. మండే వాయువులు చేరగల ప్రాంతంలో బీకనూ పరీక్షించే ఫోనూ కూడా ఆ ప్రాంతానికి ధ్రువీకరణ పొందినవై ఉండాలి. బ్యాటరీ మూత అక్కడ విప్పకూడదు, పర్మిట్ ప్రకారం దానిని సురక్షిత స్థలానికి తీసుకెళ్లే విప్పాలి.

ఇటువంటి ఆవరణల్లో పాత్రలు తిరగబడే వాడుక కూడా ఉంది: బీకన్ కార్మికుడి బ్యాడ్జీలో ఉంటుంది, వినే గేట్‌వేలు గోడల మీద ఉంటాయి. గ్యాసు సైరన్ మోగినప్పుడు అందరూ అసెంబ్లీ పాయింట్‌కు చేరారా అన్నది తెర మీద తెలియాలన్నది దాని ఉద్దేశం. ఈ ఏర్పాటును బల్ల మీద బ్యాడ్జీలు పరిచి పరీక్షిస్తే అన్నీ వినిపిస్తాయి. కవరాల్ తొడిగి, బ్యాడ్జీని ఛాతీకి తగిలించుకున్న మనుషులను గేట్‌వేకు వీపు పెట్టి గుంపుగా నిలబెట్టి పరీక్షిస్తే గాని అసలు లోపం బయటపడదు. ఆ పరీక్షలో గెలిచినా, బ్యాడ్జీని లాకరులో మరచిన మనిషి లోపలే చిక్కుకున్నట్టు తెర చూపుతుంది, మిత్రుడి బ్యాడ్జీని కూడా జేబులో వేసుకొచ్చిన మనిషి ఇద్దరుగా లెక్కకు వస్తాడు. ఈ రెండు తప్పులనూ ఏ రేడియో కొలతా పట్టుకోలేదు. వాటిని పట్టుకునేది అసెంబ్లీ పాయింట్ దగ్గర కాగితం చేతబట్టుకొని ఒక్కొక్క పేరే పిలుస్తూ, చెయ్యెత్తినవారి ముఖం చూసి టిక్కు పెట్టే సేఫ్టీ ఆఫీసరే.